బ్యాంకు ఉద్యోగానికి పీజీ అడగరు, మరి ఎందుకు చదవాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ పూర్తిచేసిన కామర్స్ పిల్లలకు ఏటా ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎంకామా, ఐసెట్ రాసి ఎంబీఏనా, లేక నంద్యాల వెళ్లి బ్యాంకు కోచింగా? ఇంట్లోవాళ్లకు మాత్రం ఏ దారి చివర చూసినా బ్యాంకు కుర్చీయే కనిపిస్తుంది. అందుకే కాలేజీ కరపత్రంలో ‘బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్’ అని కనబడగానే సగం నిర్ణయం అయిపోతుంది.

నిజానికి ఆ పేరుకూ ఆ కుర్చీకీ నేరుగా లంకె లేదు. ఐబీపీఎస్ పీవో పరీక్షకు ఏదో ఒక డిగ్రీ, 20 నుంచి 30 ఏళ్ల లోపు వయసు ఉంటే చాలు. బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. చరిత్రలో బీఏ చేసినవాళ్లూ, ఫైనాన్స్‌లో ఎంబీఏ చేసినవాళ్లూ అదే పేపరు రాస్తారు. గట్టెక్కితే ఇద్దరిదీ ఒకే స్కేలు. 2024 మార్చి వేతన ఒప్పందం ప్రకారం దాని తొలి మూలవేతనం 48,480 రూపాయలు. పీజీని గట్టిగా అడిగే పోస్టులు వేరే ఉన్నాయి. గ్రామీణ బ్యాంకుల్లో స్కేల్-2 ట్రెజరీ మేనేజరుకు సీఏ గానీ ఎంబీఏ ఫైనాన్స్ గానీ ఉండాలి, ఏడాది అనుభవమూ కావాలి. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పాలంటే ఎంకామ్ తప్పదు. లెక్చరర్ కావాలనుకుంటూ ఎంబీఏలో చేరేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

పెద్ద ఫైనాన్స్ కొలువులు ఈ ప్రాంతంలో ఎందుకు తక్కువో కూడా చూడాలి. 1976లో పుట్టిన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు హెడ్డాఫీసు శ్రీకాకుళంలోనే ఉండేది. 2006లో అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసిపోవడంతో హెడ్డాఫీసు వరంగల్‌కు వెళ్లింది. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు పేరిట ఒక్కటయ్యాయి. 1923 నాటి ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ట్రెజరీ, రిస్కు విభాగాలు ఉండేది హెడ్డాఫీసుల్లో. మనకు మిగిలినవి బ్రాంచీలు. బ్రాంచీలో అసలు పని అప్పు ఇవ్వడం, ఇచ్చింది రాబట్టడం.

ఆ పని ఎంత లోతైనదో పలాస వెళితే తెలుస్తుంది. జీడిపిక్కలు చేతికొచ్చేది వేసవిలో, పప్పు అమ్ముడయ్యేది ఏడాది పొడవునా. అవి చాలకపోతే ఆఫ్రికా దేశాల నుంచి తెప్పించుకోవాలి. ఈలోపు పెట్టుబడి సరుకు రూపంలో గోదాములో ఇరుక్కుపోతుంది. అందుకే వ్యాపారి బ్యాంకులో సరుకు మీద సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ తీసుకుంటాడు. ఉదాహరణకు, స్టాక్ స్టేట్‌మెంటులో కోటి రూపాయల సరుకు చూపాడనుకుందాం. అందులో 20 లక్షల సరుకు అరువు మీద తెచ్చింది, దాన్ని తీసెయ్యాలి. మిగిలిన 80 లక్షలపై 25 శాతం మార్జిన్ పోతే డ్రాయింగ్ పవర్, అంటే అతను వాడుకోగల అప్పు, 60 లక్షలు. లెక్క ఇంతే. కానీ బస్తాల్లో ఉన్నది కొత్త పిక్కా, నిరుటిదా? ధర పడిపోతే ఆ కోటి ఎంతకు దిగుతుంది? ఈ రెండూ చూడని అధికారి ఇచ్చిన అప్పు మొండిబాకీ కావడానికి ఎంతోకాలం పట్టదు. నా లెక్కలో పీజీలో నేర్పాల్సింది ఇది. చాలా చోట్ల రెండేళ్లూ నిర్వచనాలతోనే గడిచిపోతాయి.

డ్వాక్రా సంఘాల సంగతీ అంతే. ఈ మహిళా సంఘాలతో నడిచిన పేదరిక నిర్మూలన ప్రాజెక్టు ‘వెలుగు’ తొలిదశకు 2000లో రాష్ట్రంలో ఆరు పేద జిల్లాలను ఎంచుకుంటే వాటిలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. పూచీకత్తుగా ఆస్తి లేని మహిళలకు బ్యాంకులు ఏ ధీమాతో అప్పిచ్చాయన్న పాఠానికి మన ఊళ్లే ప్రయోగశాలలు. ప్రాజెక్టు రిపోర్టును నెట్‌లో చూసి దించేసే బదులు, పక్కూరి మండల సమాఖ్య పుస్తకాలు తిరగేసినా బోలెడు విషయం దొరుకుతుంది.

ఇక ఎక్కడ చేరాలి? క్యాట్‌లో మంచి స్కోరు తెచ్చుకోగలిగితే 2015లో వచ్చిన విశాఖ ఐఐఎం గానీ, రిజర్వు బ్యాంకు 1969లో నెలకొల్పిన, ఇప్పుడు పుణెలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంక్ మేనేజ్‌మెంట్ (ఎన్ఐబీఎం) గానీ ఖర్చు పెట్టదగినవే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. ఎచ్చెర్లలో 1977లో పీజీ సెంటర్‌గా మొదలై 2008లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయంగా ఎదిగిన చోట ఎంకామ్ చదువుతూ బ్యాంకు పరీక్షలకు తయారవడం మధ్యతరగతికి తెలివైన దారి. అనుమానమంతా మధ్యలో ఉన్న ప్రైవేటు కోర్సుల మీదే. పేరులో బ్యాంకింగ్ ఉంటుంది, బోధించేవారిలో బ్యాంకు లోపల పనిచేసినవారు ఒక్కరూ ఉండరు.

ఫీజు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2020లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీకి రీయింబర్స్‌మెంట్ ఆగింది. ఈ ఏడాది ఉత్తర్వు ఏం చెబుతోందో ఏజెంటు మాట నమ్మకుండా సంక్షేమ శాఖ ఆఫీసులోనే కనుక్కోవాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద హామీ లేకుండా అప్పు దొరుకుతుంది గానీ, అది ర్యాంకుల్లో ముందున్న ఎంపికచేసిన సంస్థలకే.

మరో దారి ఉంది, మనవాళ్లు తక్కువగా తలుచుకునేది. ముందు ఉద్యోగం, తర్వాత చదువు. 1928 నాటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ నడిపే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు పాసైతే జీతంలో ఇంక్రిమెంట్లు కలుస్తాయి. రోజూ అప్పు ఫైళ్లు చూసేవారికి ఆ పాఠాలు ఇట్టే అర్థమవుతాయి. పైగా 30 ఏళ్ల గడువు భయం ఉండదు.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీకి ఒక్కసారి వెళ్లి రండి. నిరుటి బ్యాచ్ పిల్లల్ని వెతికి పట్టుకుని, మీకు అప్పు ఫైలు ఎవరైనా చూపించారా అని అడగండి. ఎవరూ చూపించలేదంటే, ఆ ఫీజు డబ్బులు ఇంట్లోనే ఉంచి పరీక్షకు కూర్చోండి.