సైలెన్సరు మార్చే ముందు ఒక్క మాట

పల్లెలకు మందులు మోసుకెళ్లే మన ఆసుపత్రి పికప్ బండి సైలెన్సరు పోయిన వర్షాకాలంలో తుప్పు పట్టి చిల్లు పడింది. "ఇంకో నెల నడుస్తుందిలే" అని మేమే వాయిదా వేశాము. ఆ నెలంతా తెల్లవారుజామున బండి స్టార్టు చేసినప్పుడల్లా ప్రసూతి వార్డులో పసిబిడ్డలు ఉలిక్కిపడి లేచారు. రోగులకు విశ్రాంతి అవసరమని అందరికీ చెప్పే మేము ముందుగా మా తప్పు ఒప్పుకుంటున్నాము.

కొత్తది కొనబోతే షాపులో మూడు రకాలు చూపించారు. ఒకటి కంపెనీది. రెండోది అదే కొలతలతో బయట తయారైనది. మూడోది లోపల అడ్డులేమీ లేని సూటి గొట్టం. "ఇది వేస్తే లాగుడు పెరుగుతుంది, మైలేజీ వస్తుంది, సౌండు అదిరిపోతుంది" అన్నారు. పికప్ బండ్లు నడుపుకొని బతికే మన సోదరులు చాలామంది ఈ మాటకే పడిపోతున్నారు. మూడో రకం ఎవరూ కొనవద్దని మా అభిప్రాయం.

సైలెన్సరు లోపల చిన్న గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ఇంజను నుంచి దడదడ వచ్చే పొగ తాకిడి వాటిలో చెదిరి మెత్తబడుతుంది. అవి లేకపోతే ఆ మోత నేరుగా బయటికి వస్తుంది. టర్బో ఉన్న డీజిల్ బండికి చివరి సైలెన్సరు ఒక్కటి మార్చినంత మాత్రాన లాగుడులో చెప్పుకోదగ్గ తేడా రాదు. మోత పెరిగింది కాబట్టి బలం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

నష్టం మాత్రం నిజమైనది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని నిపుణులు చెబుతారు. 88 అయితే 4 గంటలే. లోపలి చెవిలో దెబ్బతిన్న కణాలు మళ్లీ మొలవవు. ఆ నష్టం ముందుగా జరిగేది రోజంతా ఆ బండిలో కూర్చునే డ్రైవరుకే.

పొగ సంగతి కూడా చూడాలి. సైలెన్సరుకు గాని, గొట్టం అతుకులకు గాని చిల్లు పడితే పొగ క్యాబిన్‌లోకి చేరవచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బండ్లలో పొగను శుభ్రం చేసే భాగాలు, సెన్సర్లు ఆ గొట్టం దారిలోనే ఉంటాయి. వాటిని కోయించడం మరీ తప్పు.

చట్టమూ ఒప్పుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడవచ్చు. లైసెన్సుకు మూడు నెలల అనర్హత కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు.

అయితే కంపెనీదే కొనాలా? అవసరం లేదు. బయటిదైనా కొలతలు, లోపలి గదులు అసలుదానిలాగే ఉంటే చాలు. చేత్తో ఎత్తి చూడండి. మరీ తేలికగా ఉంటే రేకు పలచనిదని అనుమానించండి. సముద్రం దగ్గరి ఊళ్లవారికి స్టెయిన్‌లెస్ స్టీలుదైతే ఎక్కువ కాలం మన్నుతుంది. గాస్కెట్లు, వేలాడదీసే రబ్బర్లు కూడా కొత్తవి వేయించండి. గొట్టం కొస క్యాబిన్ కిందే ఆగిపోకుండా చూసుకోండి. కొన్నాళ్లకు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, అతుకుల దగ్గర నల్లని మసి కనబడితే పొగ కారుతున్నట్టే. బిల్లు అడిగి తీసుకోండి.

మన బండికి రెండో రకం బిగించాము. ఇప్పుడది తెల్లవారుజామున బయలుదేరినా వార్డులో నిద్ర చెడడం లేదు.

డ్రైవరు సోదరులారా, చెవిలో గుయ్యిమని మోగుతున్నా, టీవీ సౌండు ఎక్కువైందని ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నా, ఆలస్యం చేయకుండా చెవి పరీక్ష చేయించుకోండి. బండికి సైలెన్సరు మళ్లీ కొనవచ్చు. పోయిన వినికిడిని కొనలేము.