మన పెరడు: ఉప్పునేలలో పీలు పొద

కచ్ ప్రాంతానికి బదిలీపై వెళ్ళిన మన ఉద్యోగుల కుటుంబాల నుండి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఒకే ప్రశ్న పదే పదే కనిపిస్తున్నది. క్వార్టరు ముందు ఏ మొక్క నాటినా నెల తిరగకుండానే ఆకుల అంచులు మాడిపోతున్నవని, ఊరి నుండి ఎంతో ప్రేమగా తెచ్చుకున్న మల్లె అంటు, కరివేపాకు మొక్క కూడా దక్కలేదని, ఈ నేలలో బ్రతికేది అసలు ఏదైనా ఉన్నదా అని సోదరీమణులు అడుగుతున్నారు. వనమహోత్సవం నాడు కాలనీలో నాటిన మొక్కల గతి కూడా అంతేనని, ఏటా అవే గోతులలో కొత్త మొక్కలు పెట్టి అవే ఫోటోలు తీయించుకుంటున్నామని ఒక సోదరుడు కొంత వ్యంగ్యంగానే వ్రాశారు.

వారందరికీ మా సమాధానం ఒక్కటే. మీరు వెదకుతున్న మొక్క చాలావరకు మీ ప్రహరీగోడ అవతలనే ఉంటుంది. గుజరాతీలు దానిని ఖారీ జార్ అని, పీలుడీ అని అంటారు. రాజస్థానీయులకు అది ఖారా జాల్. సంస్కృతంలో పీలు. వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సాల్వడోరా పెర్సికా. మన నిఘంటువులలో వరగోగు, గున్నంగి అనే పేర్లు కనిపిస్తాయి గాని, గోంగూర నిచ్చే గోగుతో దీనికి ఏ బంధుత్వమూ లేదు. ఎడారి పొద అని పేరుబడినా మన తీరానికి ఇది అపరిచితం కాదు. కృష్ణా, గోదావరి ముఖద్వారాలలో మడ అడవుల వెనుక, పోటు నీరు ఎప్పుడో గాని ఎక్కని మెరకలలో ఇది పెరుగుతూనే ఉన్నది. చూచినవారు అనేకులు, పేరు తెలిసినవారు తక్కువ.

చూపుకు ఇది ఆడంబరమైన మొక్క కాదు. వంకర కాండం, నేలవైపు వ్రాలే కొమ్మలు, ఎదురెదురుగా పుట్టే దళసరి ఆకులు, కనీ కనిపించని లేతరంగు పూలు. వేసవిలో మాత్రం గులాబి, ఎరుపు, ఊదా రంగుల చిన్న పండ్లతో నిండిపోతుంది. ఆకు నమిలితే ఆవ ఘాటు తగులుతుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండటం దీని గొప్ప గుణం. మే నెలలో కచ్ నేల అంతా తెల్లని ఉప్పు పేరుకొని కళ్ళు మిరుమిట్లు గొలిపే వేళ, ఈ పొద నీడన మేకలు పడుకొని ఉండటం అక్కడ నివసించేవారికి పరిచయమైన దృశ్యమే.

వాయవ్య భారతంలో దీని ప్రతిష్ఠ పురాతనమైనది. గాంధార ప్రాంతీయుడైన పాణిని తన అష్టాధ్యాయిలో పీలు పండ్లు పండే కాలానికి "పీలుకుణ" అనే ప్రత్యేక పదాన్ని సాధించి చూపాడు. ఒక పండు పక్వానికి వచ్చే రోజులకు భాషలో వేరుగా ఒక మాట అవసరమైనదంటే, ఆ ప్రజలకు ఆ పండు ఎంత ముఖ్యమో ఊహించవచ్చు. మహాభారతం కర్ణపర్వంలో వాహీక దేశపు వర్ణనలో కూడా పీలు వనాల ప్రసక్తి ఉన్నది. అరబ్బు దేశాలలో, ఇస్లాం సంప్రదాయంలో ఎంతో గౌరవం పొందిన మిస్వాక్ పండ్లపుల్ల ప్రధానంగా ఈ మొక్క వేరునుండి వచ్చేదే.

ఇక ఉప్పు సంగతి. నేలలోని లవణాలను కొలిచే పద్ధతిలో మీటరుకు 4 డెసిసైమన్లు దాటితే దానిని ఉప్పునేలగా పరిగణిస్తారు. సముద్రపు నీరు సుమారు 50 ఉంటుంది. కర్నాల్ కేంద్రంగా 1969లో ఏర్పడిన కేంద్రీయ మృత్తికా లవణీయతా పరిశోధనా సంస్థవారి భరూచ్ ప్రాంతీయ కేంద్రం గుజరాత్ తీరపు నల్లరేగడి నేలలలో పీలును పెంచి చూచి, దాదాపు ఆ సముద్రపు నీటి స్థాయి లవణం ఉన్న నేలలో సైతం అది నిలదొక్కుకొంటుందని తేల్చినది. ఆహారపు పంటలలో దీనికి సాటిరాగలది లేదు.

అయితే ఇక్కడనే ఒక అపోహ పుట్టుతున్నది. ఉప్పును ఓర్చుకొనే మొక్క గనుక ఉప్పునీరు పోసినా ఫరవాలేదని, అసలు నీరే అక్కరలేదని కొందరు అనుకుంటారు. ఓర్చుకోవడం వేరు, కోరుకోవడం వేరు. ఎదిగిన పీలు తన వేళ్ళద్వారా వచ్చిన సోడియంను ఆకు కణాలలోని ప్రత్యేకమైన అరలలో బంధించి, సున్నితమైన భాగాలకు హాని కలుగకుండా చూచుకొంటుంది. అలా నిలువచేసేందుకు దానికి చాలినన్ని ఆకులు ఉండాలి. నాలుగు ఆకుల పసిమొక్కకు ఆ సదుపాయం లేదు. పైగా దాని చిన్న వేళ్ళు ఉండేది నేల పై పొరలో. ఎండకు నీరు ఆవిరై ఉప్పు అత్యధికంగా పేరుకొనేదీ ఆ పొరలోనే. అంటే ఈ మొక్కకు మన అవసరం ఉండేది మొదటి రెండేళ్ళే, ఆ రెండేళ్ళూ ఉప్పునుండి దానిని కాపాడవలసిందే. కాలనీలలో జరిగే నష్టమంతా ఈ విషయం గమనించక జరిగేదేనని మా అభిప్రాయం.

పెంపకం గింజతో మొదలుపెట్టడం మేలు. వేసవిలో బాగా పండి రాలిన పండ్లను ఏరి, నీటిలో పిసికి, గుజ్జునంతా కడిగివేయాలి. గుజ్జు అంటుకొని ఉంటే గింజ మొలవదు. కడిగిన గింజలను నీడలో ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా నాటుకోవాలి. వచ్చే ఏటికని డబ్బాలో దాచిపెట్టితే మొలకశక్తి పోతుంది. ఇసుక, మంచి మట్టి, చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి, అడుగున రంధ్రాలున్న పాలిథీన్ సంచులలో నింపి, సంచికి రెండు గింజల చొప్పున వేలి కణుపంత లోతున పెట్టాలి. ఈ మట్టి మీ పెరటి ఉప్పుమట్టి కాకూడదు. కొన్ని నెలలు పెంచి, జానెడు ఎత్తు దాటాక నేలలో నాటుకోవచ్చు. ముదురు పొద మొదట లేచే వేరు పిలకలను మట్టితో సహా త్రవ్వి నాటడం మరొక మార్గం గాని, పట్టణాలలో అది అందరికీ దొరకదు.

నేలలో నాటడానికి తొలి రెండు మంచి వానలు పడిన తరువాతి రోజులే తగినవి. వాన నీరు పై పొరలోని ఉప్పును క్రిందికి కడిగి ఉంటుంది. మూర లోతు, మూర వెడల్పు గొయ్యి చాలు. మొక్కకు మొక్కకు 4 మీటర్ల ఎడం ఉంచాలి. కంచెగా పెంచదలచినవారు దగ్గరగా పెట్టుకోవచ్చు. బోదెలు పోసి నాటేవారు ఒక్క సంగతి గమనించవలెను. కాలువలో పారిన నీరు బోదెలోకి ఎగబ్రాకి, శిఖరాన ఆవిరైపోతుంది. ఉప్పంతా ఆ శిఖరానే తెల్లగా పేరుకొంటుంది. చాలామంది తోటమాలులు మొక్కను అందంగా ఉంటుందని సరిగ్గా అక్కడే నాటుతారు. కాలువ అడుగున నాటితే వానలకు మురిగి చస్తుంది. బోదె ప్రక్కవాలులో, నడిమి ఎత్తున నాటడమే క్షేమం.

నీటి విషయంలో గృహిణులు లెక్క వేసుకొని చూడాలని మా మనవి. మీ బోరు నీటిలో లీటరుకు 2 గ్రాముల లవణాలు ఉన్నవనుకొందాం. కచ్‌లో ఇది వింత కాదు. 10 లీటర్ల బకెట్టుతో 20 గ్రాములు. 50 బకెట్లు పోసేసరికి ఆ మొక్క పాదులో ఒక కిలో ఉప్పు పోసినట్లే. అందులో నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. రోజూ సాయంత్రం పైపైన చల్లే నీరు మరీ హాని చేస్తుంది. అది వేళ్ళదాకా దిగకుండానే ఆవిరై తన ఉప్పును పైనే వదలిపోతుంది. దానికి బదులు వారానికి ఒకసారి పాదు నిండా, మట్టి లోతుగా తడిసేలా పోస్తే ఉప్పు వేళ్ళ క్రిందికి జారుతుంది. పాదులో ఎండుగడ్డిగాని, ఆకుచెత్తగాని పరిస్తే ఆవిరి తగ్గుతుంది.

పసిమొక్కకు మంచినీరు ఎక్కడ తేగలమని అడుగుతారేమో. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు ఉన్నది. దానికంటె మేలైనది ఎయిర్ కండిషనర్ గొట్టంనుండి కారే నీరు. గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది గనుక అందులో లవణాలు దాదాపు ఉండవు. ప్రతి క్వార్టరు వెనుక గోడమీద కారి పాకుడు పట్టించే ఈ నీటి క్రింద ఒక బకెట్టు పెట్టితే చాలు. ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది ఆర్.ఓ. యంత్రం బయటకు వదిలే నీరు. త్రాగే నీటినుండి తీసివేసిన లవణాలన్నీ అందులోనే చేరతాయి. ఎంతోమంది పొదుపు అనుకొని దానినే మొక్కలకు పోస్తున్నారు. మూడేళ్ళు దాటిన పీలు దానిని భరించవచ్చునేమో గాని, మీ మల్లె అంటును చంపినది బహుశా అదే.

చౌడు అంతా ఒకటే కాదని కూడా చెప్పవలసి ఉన్నది. మన రైతులు పాలచౌడు, కారుచౌడు అని రెండుగా విభజిస్తారు. పాలచౌడులో కరిగే ఉప్పు ఎక్కువ, నీటితో కడిగితే పోతుంది. కారుచౌడులో సోడియం మట్టి రేణువులను పట్టుకొని నేలను బిగిస్తుంది, ఉదజని సూచిక 8.5 దాటి ఉంటుంది, దానికి జిప్సం వేయక తప్పదు. మీది ఏ రకమో తెలియకుండా ఎవరో చెప్పారని జిప్సం బస్తాలు కొనవద్దు. దగ్గరలోని భూసార పరీక్షా కేంద్రానికి దోసెడు మట్టి పంపితే తెలిసిపోతుంది.

తొలి రెండు మూడేళ్ళలో మేకలనుండి కాపాడటానికి ముళ్ళకంప కట్టాలి. ఎదుగుదల మందంగా ఉంటుంది. ఈ మందకొడితనమే దీనికి శత్రువైనది. ఎదుగుదల చూడాలనే తొందరలోనే కచ్‌లోని బన్నీ పచ్చిక బయలులో 1960-61లో అటవీశాఖవారు 31 వేల హెక్టార్లకు పైగా మన సర్కారు తుమ్మను, అనగా ప్రోసోపిస్ జూలిఫ్లోరాను నాటించారు. రణ్ ఎడారి ముందుకు రాకుండా ఆపాలన్నది వారి సదుద్దేశం. తుమ్మ ఆగలేదు. పశువులు కాయలు తిని, పేడతో విత్తనాలను దూరదూరాలకు చేర్చినవి. పచ్చిక తరిగిపోయి, బన్నీ గేదెలను నమ్ముకొన్న మాల్ధారీ పశుపోషకుల బ్రతుకు ఇరుకున పడినది. వారు ఆ చెట్టుకు పెట్టిన పేరు గాండో బావళ్, అనగా పిచ్చితుమ్మ. మన కడప ప్రాంతానికి కూడా ఈ తుమ్మ 1870లలోనే వచ్చినది గనుక తెలుగువారికి దాని స్వభావం వివరించనక్కరలేదు. అయినా కాలనీ ప్రహరీ వెంట త్వరగా పచ్చదనం కావాలంటే ఇప్పటికీ కొందరు అధికారులకు అదే గుర్తుకు వస్తుంది. బొగ్గుకు, వంటచెరకుకు దాని ఉపయోగం మేము కాదనము. ఒకసారి వేరూనిన తరువాత దానిని తీసివేయడానికి అయ్యే ఖర్చు ఎవరూ ముందుగా అంచనా పత్రంలో చూపరు.

పీలు తోపులు తరిగితే నష్టపోయేది మనుషులే కాదు. శీతకాలంలో పశ్చిమాసియానుండి కచ్‌కు వచ్చే హైపోకోలియస్ అనే బూడిదరంగు పక్షి ఈ పండ్లను ఎంతో ఇష్టంగా తింటుంది. దానిని చూడడానికే బన్నీ అంచున ఉన్న ఫులాయ్ గ్రామానికి దేశమంతటినుండి పక్షిప్రేమికులు వస్తారు. ఒంటెలకు ఆకులు మేత. గింజలలోని కొవ్వులో లారిక్, మిరిస్టిక్ ఆమ్లాలు సమృద్ధిగా ఉన్నందున సబ్బుల పరిశ్రమకు అది పనికివస్తుంది. గుజరాత్ పల్లెలలో స్త్రీలు వేసవిలో ఈ గింజలు ఏరి నాలుగు డబ్బులు సంపాదించుకొంటారు.

పండ్లపుల్ల కోసం మాత్రం మీ పొద వేళ్ళు త్రవ్వవద్దు. వేరు పోయిన పొద ఎండకాలం దాటదు. చిటికెనవ్రేలంత లావు కొమ్మ కత్తిరించుకొన్నా పని జరుగుతుంది. కొమ్మల కత్తిరింపు పండ్లు రాలిన తరువాత చేసుకోవాలి. నేలను తాకే కొమ్మలను పిల్లల ఆటలకు అడ్డమని అన్నింటినీ ఒకేసారి కొట్టివేయరాదు. పాదుకు నీడనిచ్చి ఉప్పు పైకి రాకుండా ఆపేది ఆ కొమ్మలే.

పండ్లు పిల్లలు తినవచ్చునా అని ఒక సోదరి అడిగారు. తినవచ్చును. ఖారా జాల్ పండు కొంత ఘాటు. తియ్యనిది దీని సోదర జాతియైన మీఠా జాల్, అనగా సాల్వడోరా ఓలియాయిడిస్. దాని ఆకులు సన్నగా, పొడవుగా ఉంటాయి, పండు పసుపు రంగు. రాజస్థాన్‌లో దానిని గంపలతో అమ్ముతారు. ఒక్కొక్కటిగా తింటే నాలుక పొక్కుతుందని, గుప్పెడు ఒకేసారి నోట వేసుకోవాలని అక్కడి పెద్దలు చెబుతారు. పొరుగింటి మార్వాడీ గృహిణిని అడిగితే ఎలా తినాలో చూపగలరు, గింజలు కూడా ఆమె వద్దనే దొరకవచ్చు.