ఏలుబడి ఎవరిది?

సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు ఉన్న రాజ్యం స్వతంత్రమేనని పలువురు భావిస్తారు. హైదరాబాదు సంస్థానానికి ఈ మూడూ ఉండేవి. నేడు కర్మాగారాలతో నిండిన పటాన్‌చెరు ప్రాంతమూ, అందలి చిట్కుల్ గ్రామమూ ఆనాడు ఆ సంస్థానంలోనివే. అక్కడ హాలీ సిక్కా చెలామణి అయ్యేది. అయినా ఆ రాజ్యాధికారం సంపూర్ణమైనది కాదు.

1798లో నిజాం ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి చేసుకొన్నాడు. దానితో రాజ్యరక్షణ, విదేశ వ్యవహారాలు ఆయన చేయి దాటిపోయాయి. ఆంగ్లేయాధికారుల ఆజ్ఞలో నడిచే పటాలం ఖర్చుల బాకీ పేరుతో 1853లో బీరారు వారి వశమైంది. 1902 ఒప్పందం దానిని శాశ్వతమైన కౌలుగా మార్చింది. బీరారును తిరిగి ఇవ్వవలసిందని ఉస్మాన్ అలీఖాన్ కోరగా, భారతదేశంలో సార్వభౌమాధికారం బ్రిటిష్ చక్రవర్తిదేనని వైస్రాయి రీడింగ్ 1926లో లేఖ ద్వారా తేల్చి చెప్పాడు.

పైవారి ముందు తలవంచిన ఆ ప్రభుత్వం తన ప్రజలను తలయెత్తనిచ్చిందా? ఇదే అసలు ప్రశ్న. గస్తీ నిషాన్ 53 అనే ఆజ్ఞ వలన సభ జరుపుకోవడానికైనా ప్రభుత్వ అనుమతి పొందవలసి వచ్చేది. తెలుగువారు అధికసంఖ్యాకులైనా రాజభాష ఉర్దూ. మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపన వంటి మేళ్లు జరిగిన మాట కాదనరానిది. కాని ఏలిక దయతో లభించినది ప్రజల హక్కు కాజాలదు. ఆ హక్కుల స్పృహను మేల్కొల్పడానికే 1926లో గోలకొండ పత్రిక వెలసింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగింది.

గ్రీన్‌లాండు స్థితి ఇందుకు భిన్నం. రక్షణ, విదేశ వ్యవహారాలు డెన్మార్కు అధీనంలోనే ఉన్నా, 2009 నుండి అమలులో ఉన్న స్వపరిపాలన చట్టం ప్రకారం అక్కడివారు తాము ఎన్నుకొన్న శాసనసభ ద్వారా ఆంతరంగిక పాలన సాగించుకొంటున్నారు. అధికారం పరిమితమే, కాని అది ప్రజలది.

హైదరాబాదు సంస్థానం 1948లో భారతదేశంలో కలిసింది. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73, 74వ రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించాయి. వాటి అధికారాలు కూడా పరిమితమైనవే. పరిశ్రమల నడుమ నివసించే ప్రజలకు తమ నీటిని గురించి, గాలిని గురించి అడిగే అవకాశం, సమాధానం పొందే అవకాశం ఉన్నప్పుడే ఆ కొద్దిపాటి అధికారానికైనా సార్థకత. ప్రజలు ప్రశ్నించడం మానితే స్వపరిపాలన నాణెం మీది ముద్రగానే మిగిలిపోతుంది.