అడ్డంగా ఊగిన ఆ చూపుడువేలు

బాస్కెట్‌బాల్ అనగానే మనకు గుర్తొచ్చేది బంతి బుట్టలో పడటం. పేపర్లో ఫొటో వేసినా అదే, టీవీలో పదేపదే చూపించినా అదే. ఎగిరి బంతిని బుట్టలోకి దూర్చినవాడే హీరో. మరి, బుట్ట అంచుదాకా వచ్చిన బంతిని పడనివ్వకుండా ఆపినవాడో? స్కోరు బోర్డు మీద అతనికి ఒక్క పాయింటూ రాదు. అలా ఆపడమే తన పనిగా పెట్టుకుని, అమెరికాలోని ఎన్‌బీఏలో 18 సీజన్లు ఆడినవాడు డికెంబె ముటోంబో.

ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. గరగరలాడే గొంతు. ప్రత్యర్థి వేసిన బంతిని అరచేత్తో కొట్టి పడేసి, చూపుడువేలు పైకెత్తి అటూ ఇటూ ఊపేవాడు. అల్లరి పిల్లాణ్ని ‘ఊహూ... కుదరదు’ అని అమ్మ వారించినట్టు! ఆ వేలు చూడటానికే జనం టికెట్లు కొనేవాళ్లు. ప్రత్యర్థిని వెక్కిరించినట్టుందని లీగు పెద్దలు అభ్యంతరం చెబితే, ఆటగాడివైపు కాకుండా ప్రేక్షకులవైపు తిరిగి ఊపడం మొదలెట్టాడు.

డాక్టరు కావాలని వచ్చి...

ముటోంబో 1966లో కాంగో రాజధాని కిన్షాసాలో పుట్టాడు. పదిమంది పిల్లల్లో ఒకడు. చదువులో చురుకు. డాక్టరై సొంత ఊళ్లో వైద్యం చేయాలన్నది కోరిక. ఆ కోరికతోనే 1987లో, 21 ఏళ్ల వయసులో, స్కాలర్‌షిప్ మీద వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి వచ్చాడు. అప్పటికి ఫ్రెంచి బాగా వచ్చు, ఇంగ్లిషు మాత్రం అంతంతే.

అంత పొడుగు కుర్రాడు కాలేజీ ఆవరణలో నడుస్తుంటే బాస్కెట్‌బాల్ కోచ్ కంట పడకుండా ఉంటాడా? ఆ కోచ్ జాన్ థాంప్సన్. తనూ ఒకప్పుడు పొడగరి ఆటగాడే. మొదటి ఏడాది ముటోంబో కాలేజీ జట్టులో ఆడలేదు. ఆ తర్వాత ఆడిన ఆటకు బుట్ట వెనక కూర్చునే విద్యార్థులు తమ వరసకు ఓ పేరే పెట్టుకున్నారు... ‘తిప్పికొట్టేవాళ్ల వరస’ అని. 1989లో ఒక్క ఆటలోనే 12 బంతులు ఆపాడు.

ఆట పెరిగేకొద్దీ వైద్యం చదువు పక్కకు జరిగింది. చివరికి 1991లో అతని చేతికొచ్చినవి భాషాశాస్త్రం, దౌత్యం సబ్జెక్టుల్లో పట్టాలు. తొమ్మిది భాషలు మాట్లాడేవాడు కాబట్టి ఆ చదువు దండగ కాలేదనే అనుకోవాలి. కానీ డాక్టరు కావాల్సిన పిల్లాడు మరొకటైతే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో మన అమ్మానాన్నలకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఏడాదే డెన్వర్ నగ్గెట్స్ జట్టు నాలుగో ఎంపికగా అతణ్ని తీసుకుంది. తెల్లకోటు కల అక్కడితో ముగిసిందనే అందరూ అనుకుని ఉంటారు.

ఆపడంలో ఉన్న కిటుకు

బుట్ట అంచు నేలకు పదడుగుల ఎత్తులో ఉంటుంది. ఏడడుగుల మనిషి చెయ్యి చాస్తే అందుకోవడం ఎంతసేపు అనిపిస్తుంది. కానీ ఓ నిబంధన ఉంది. బుట్టవైపు విసిరిన బంతిని పైకి లేస్తున్నప్పుడే కొట్టాలి. కిందికి దిగడం మొదలయ్యాక ముట్టుకుంటే, అది బుట్టలో పడకపోయినా పడినట్టే లెక్క. అంటే, ఆపేవాడికి దొరికేది రెప్పపాటు కాలం. తొందరపడి ముందే ఎగిరితే ఎదుటివాడు ఆగి, ఇతను దిగాక తీరిగ్గా వేస్తాడు. చెయ్యి బంతికి బదులు మనిషికి తగిలితే ఫౌల్. ఎత్తు ఒక్కటే ఉంటే చాలదు, ఓపిక కూడా కావాలి.

ఆ ఓపికే ముటోంబో బలం. మొత్తం 3,289 బంతులు ఆపాడు. ఎన్‌బీఏ చరిత్రలో అంతకంటే ఎక్కువ ఆపినవాడు ఒక్కడే... నైజీరియాలో పుట్టిన హకీమ్ ఒలాజువాన్, 3,830. ఉత్తమ రక్షణ ఆటగాడి అవార్డు ముటోంబోకు నాలుగుసార్లు వచ్చింది... 1995, 1997, 1998, 2001. అతను వేసిన పాయింట్లు మాత్రం సగటున ఆటకు పది కూడా లేవు. 9.8 అంతే!

అతని పేరు చెప్పగానే పాత అభిమానులు 1994 గురించి మాట్లాడతారు. ఆ ఏడాది సియాటిల్ సూపర్‌సోనిక్స్ 63 ఆటలు గెలిచి తమ విభాగంలో మొదటి స్థానంలో ఉంది. డెన్వర్ గెలిచింది 42, స్థానం ఎనిమిది. ఐదు ఆటల పోరులో సియాటిల్ మొదటి రెండూ గెలిచేసింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నారు. డెన్వర్ తర్వాతి రెండూ గెలిచి సమం చేసింది. ఐదోది సియాటిల్ సొంత గడ్డ మీద. అదనపు సమయం దాకా వెళ్లి, 98-94తో డెన్వర్ గెలిచింది. ఎనిమిదో స్థానం జట్టు మొదటి స్థానం జట్టును ఓడించడం ఎన్‌బీఏలో అదే మొదలు. ఆ పోరులో ముటోంబో ఆపిన బంతులు 31. చివరి బంతిని రెండు చేతులా పట్టుకుని నేలమీద వెల్లకిలా పడి, నవ్వాలో ఏడవాలో తెలియనట్టున్న అతని ముఖం ఆ ఆటకే ఓ గుర్తుగా మిగిలిపోయింది.

తల్లికి దొరకని దారి

1996లో అట్లాంటా హాక్స్‌కు మారాడు. ఐదేళ్లకు ఐదు కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం. ఆ ఏడాది అట్లాంటా ఒలింపిక్స్‌కు వచ్చిన తన దేశపు మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు యూనిఫామ్‌లు, ఖర్చులు తనే పెట్టుకున్నాడు. డబ్బుకు లోటు లేదు, పేరుకు లోటు లేదు. అయినా తల్లిని కాపాడుకోలేకపోయాడు.

1990ల చివర్లో కాంగో అల్లకల్లోలంగా ఉంది. కిన్షాసాలో కర్ఫ్యూ. ఆ సమయంలో తల్లి బియాంబా మేరీకి జబ్బు చేసింది. వీధులు మూసేయడంతో ఆసుపత్రికి తీసుకెళ్లే వీలు లేకపోయింది. ఆమె ఇంట్లోనే కన్నుమూసింది. కొడుకు వేల మైళ్ల దూరంలో ఉన్నాడు.

ఏటా కోటి డాలర్లు సంపాదించే కొడుకున్న తల్లికి ఆసుపత్రి అందలేదు. ఇక ఏ సంపాదనా లేని తల్లుల సంగతి ఏమిటి? అతను కిన్షాసాలో ఆసుపత్రి కట్టించాలనుకున్నాడు. 2001లో శంకుస్థాపన జరిగినా, నిర్మాణం ఊపందుకోవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. మొత్తం ఖర్చు సుమారు 2 కోట్ల 90 లక్షల డాలర్లు. అందులో సగానికి పైగా, అంటే కోటిన్నర డాలర్లకు మించి, ముటోంబో సొంత డబ్బే. 300 పడకలతో, తల్లి పేరుతో, 2007లో రోగుల కోసం తలుపులు తెరిచింది ఆ ఆసుపత్రి.

అప్పటికి అతను రిటైరై, తీరిక దొరికి ఈ పనికి దిగిన పెద్దమనిషి కాదు. హ్యూస్టన్ రాకెట్స్ తరఫున ఇంకా ఆడుతూనే ఉన్నాడు. 2008లో ఆ జట్టు వరసగా 12 ఆటలు గెలిచి ఊపు మీదున్నప్పుడు చైనా ఆటగాడు యావో మింగ్ గాయంతో దూరమయ్యాడు. ఆ చోట నిలబడింది 41 ఏళ్ల ముటోంబో. విజయాల వరస 22 దాకా సాగింది.

ఉంగరం లేని వేలు

2009 ఏప్రిల్‌లో పోర్ట్‌లాండ్‌లో జరిగిన ఆటలో మోకాలు దెబ్బతింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. 42 ఏళ్ల వయసులో ఆట అలా ముగిసింది. 2001లో ఫిలడెల్ఫియాతో, 2003లో న్యూజెర్సీతో ఫైనల్స్ దాకా వెళ్లాడు. రెండుసార్లూ ఓటమే. ఎన్‌బీఏ చాంపియన్లు వేలికి పెట్టుకునే ఉంగరం అతనికి దక్కలేదు. 2015లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2022లో మెదడులో కణితికి చికిత్స పొందుతున్నట్టు ప్రకటించారు. 2024 సెప్టెంబరు 30న, 58 ఏళ్లకు ముటోంబో కన్నుమూశాడు.

పిల్లలకు మనం చెప్పే కథల్లో గెలిచినవాడు కప్పు ఎత్తుకుంటాడు, కోరుకున్న ఉద్యోగం సంపాదిస్తాడు. ముటోంబో కప్పు ఎత్తలేదు, డాక్టరూ కాలేదు. కానీ ఏ పని కోసం డాక్టరు కావాలనుకున్నాడో, ఆ పనిని వదల్లేదు. తను వైద్యం చేస్తే రోజుకు ఎంతమందిని చూడగలిగేవాడు? బహుశా ఓ యాభైమందిని. ఇప్పుడు అక్కడ చాలామంది డాక్టర్లు కలిసి చూస్తున్నారు.

జరగకుండా ఆగిన నష్టం ఏ లెక్కల్లోనూ కనపడదు. పోయిన ప్రాణం కనిపించినట్టు నిలిచిన ప్రాణం కనిపించదు. ఇంటికి తాళం వేశామా అని రెండోసారి చూసే తండ్రికీ, జ్వరం మాత్ర వేళకు వేసే తల్లికీ ఎవరూ చప్పట్లు కొట్టరు. అలాంటి పనిని కోర్టు మధ్యలో నిలబడి, వేలు ఊపుతూ, పదిమందికీ కనపడేలా చేశాడు ముటోంబో. కిన్షాసా ఆసుపత్రికి బంతి, బుట్ట అక్కర్లేదు. అతను సంపాదించింది మాత్రం వాటితోనే.