సొంత పుస్తకం, మారుపేరు మెప్పు

పూర్వ విద్యార్థి ఒకడు సొంత ఖర్చుతో కథల పుస్తకం అచ్చువేయించాడు. "ఎవరి పేరూ తెలియని చోట పాఠకుడిలా నేనే దాన్ని మెచ్చుకోవచ్చా, హజ్రత్?" అని అడిగాడు. నమాజుపై నేను రాసిన చిన్న పుస్తకం ప్రతులు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. ఆ ఆరాటం నాకు తెలియనిది కాదు.

అర్హత చెప్పుకోవడం దోషం కాదు. ధనాగారాలు తనకు అప్పగించమని, తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని యూసుఫ్ (అలైహిస్సలాం) రాజుతో స్వయంగా అన్నారు (దివ్యఖుర్ఆన్ 12:55). అయితే ఆయన తానెవరో దాచలేదు.

కొనే ఉద్దేశం లేకుండా, ఇతరులను భ్రమింపజేసేందుకు వేలంలో ధర పెంచి పాడటం 'నజష్'. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) దాన్ని వారించారు. మారుపేరు పొగడ్త దానికి దగ్గరి చుట్టమే.

"ఇప్పటికే రెండుసార్లు మెచ్చుకున్నాను," అన్నాడు తలవంచుకుని. పుస్తకం తనదేనని అక్కడే చెప్పమన్నాను.