ఐర్లాండ్ రగ్బీ ఎవరిది? గాలివాటం అభిమానుల గురించి నాలుగు మాటలు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఏ టీమ్ గెలిచినా మన గ్రూపుల్లో ఒక గొడవ మొదలవుతుంది. "నిన్నటి దాకా ఎక్కడున్నావ్ రా, ఇవాళ జెర్సీ వేసుకుని వచ్చావ్?" అని ఒకడు. "నేను ఓడిపోయినప్పటి నుంచీ ఉన్నా" అని ఇంకొకడు. ఇదే గొడవ ఐర్లాండ్‌లో రగ్బీ మీద ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. అక్కడ ఈ గొడవలో డబ్బున్నోళ్లు-లేనోళ్లు అనే లెక్క కూడా కలిసింది. అందుకే మనం తెలుసుకోవాల్సిన కథ అనిపించి రాస్తున్నా.

ముందు కొంచెం నేపథ్యం. ఐర్లాండ్ వందల ఏళ్లు ఇంగ్లాండ్ కింద నలిగిన దేశం. భూమి పోయింది, సొంత భాష చాలావరకు పోయింది. ఇప్పుడు ఉత్తరం, దక్షిణం కలిపినా జనాభా 70 లక్షల చిల్లరే. అంత చిన్న ద్వీపంలో ఆటలు మాత్రం ఎక్కువ. హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ వాళ్ల సొంత ఆటలు. వాటిని కాపాడుకోవడానికి 1884లో జీఏఏ అనే సంఘం పెట్టుకున్నారు. ఊరూరా క్లబ్బు ఉంటుంది. ఎంత పెద్ద ఆటగాడైనా జీతం తీసుకోడు, సోమవారం మళ్లీ పొలానికో, బడికో, ఆఫీసుకో పోవాల్సిందే. వీటి పక్కన మామూలు ఫుట్‌బాల్ ఉంది, పట్నం కూలీ జనం ఆటగా దానికి పేరు. ఇక నాలుగోది రగ్బీ. కోడిగుడ్డు ఆకారం బంతి, జట్టుకి 15 మంది, ఒకరినొకరు గుద్దుకుని పడేసే ఆట.

రగ్బీ ఐర్లాండ్‌కి బ్రిటిష్ వాళ్ల తరహా చదువుల దారిలో వచ్చింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో 1854లోనే క్లబ్బు పుట్టింది. ఆ తర్వాత పై వర్గం క్యాథలిక్ కుటుంబాల పిల్లలు చదివే ఫీజు బడులు కూడా దాన్ని అందిపుచ్చుకున్నాయి. అందుకే జీఏఏ దాన్ని "పరాయి ఆట" లెక్కలో వేసింది. పరాయి ఆటలు ఆడినా, చూడ్డానికి వెళ్లినా మన సంఘంలో చోటు లేదని రూల్ పెట్టింది. 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాడని ఆయన్నే గౌరవ పోషకుడి స్థానం నుంచి తీసేశారు. ఐరిష్ భాష బతకాలని జీవితమంతా కష్టపడ్డ మనిషి ఆయన! ఆ రూల్ 1971 దాకా ఉంది. అంటే రగ్బీకి మొదటి నుంచీ రెండు ముద్రలు: ఒకటి దొరల ఆట, రెండు డబ్బున్నోళ్ల ఆట.

మొదటి ముద్ర చాలావరకు చెరిగింది. ఐర్లాండ్ రెండు ముక్కలైనా రగ్బీ టీమ్ మాత్రం ఒక్కటే. ఉత్తరాన ఉన్న ప్రొటెస్టెంట్లు, దక్షిణాన ఉన్న క్యాథలిక్కులు ఒకే జెర్సీ వేసుకుంటారు. అందరికీ సరిపోయే పాట ఒకటి కావాలని 1995లో ప్రత్యేకంగా రాయించుకున్నారు కూడా. తర్వాత 2007. జీఏఏ తన గుండెకాయ లాంటి క్రోక్ పార్క్ స్టేడియం గేట్లు రగ్బీకి తెరిచింది. 1920లో బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపితే 14 మంది చనిపోయిన మైదానం అది. ఫిబ్రవరి 24న అక్కడ ఇంగ్లాండ్ జాతీయగీతం మోగింది, జనం మర్యాదగా నిలబడ్డారు. ఆ తర్వాత ఆటలో ఇంగ్లాండ్‌ని 43-13 తేడాతో ఓడించారు. రగ్బీ ముఖం చూడని ఇళ్లలో కూడా ఆ రోజు టీవీ ఆగలేదంటే ఆశ్చర్యం లేదు.

రెండో ముద్ర మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఎందుకు పోలేదో చూద్దాం.

డబ్లిన్ దక్షిణ భాగం అంటే అక్కడ డబ్బున్న ప్రాంతం. బ్లాక్‌రాక్ కాలేజ్, సెయింట్ మైకేల్స్, టెరెన్యూర్ లాంటి ఫీజు బడులు ఆ వైపే ఉన్నాయి. లీన్‌స్టర్ రాష్ట్ర స్కూల్స్ కప్‌లో ఇలాంటి బడులదే రాజ్యం. సెయింట్ ప్యాట్రిక్ పండగ రోజు జరిగే ఆ ఫైనల్‌కి వేల మంది వస్తారు. బడి పిల్లలకే కోచ్‌లు, జిమ్, మంచి గ్రౌండ్లు. అక్కడ మెరిసినోడు నేరుగా లీన్‌స్టర్ అకాడమీకి పోతాడు. 2023 ప్రపంచ కప్‌కి వెళ్లిన ఐర్లాండ్ జట్టులో సగానికి పైగా లీన్‌స్టర్ వాళ్లే. ఇంకో సంగతి వినండి. దేశంలో 700 పైచిలుకు హైస్కూళ్లుంటే ఫీజు వసూలు చేసేవి సుమారు 50. ఆ 50లో పనిచేసే టీచర్లకి జీతాలు చాలావరకు ప్రభుత్వమే ఇస్తుంది. అంటే జీతం సొమ్ము అందరిదీ, ఫీజుతో వచ్చే గ్రౌండు కొందరిది.

ఈ వర్గాన్ని ఎగతాళి చేస్తూ పాల్ హోవర్డ్ అనే రచయిత 1998లో రాస్ ఓకారల్-కెల్లీ అనే పాత్రని సృష్టించాడు. నాన్న డబ్బు, స్కూల్ రగ్బీ గొప్పలు తప్ప ఇంకేం తెలియని కుర్రాడు వాడు. పుస్తకాల మీద పుస్తకాలు వచ్చాయి, జనం విరగబడి కొన్నారు. అందులో నిజం లేకపోతే అంతగా నవ్వరు కదా.

రగ్బీ పెద్దలు సామాన్యుడి మాట వినరనే పేరు కూడా ఊరికే రాలేదు. 1981లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నడుస్తుంటే, వెళ్లొద్దని సొంత ప్రభుత్వమే చెప్పినా ఐర్లాండ్ రగ్బీ యూనియన్ టీమ్‌ని అక్కడికి పంపింది. టోనీ వార్డ్, హ్యూగో మెక్‌నీల్, మాస్ కీన్, డోనల్ స్ప్రింగ్ లాంటి ఆటగాళ్లు మేం రామని నిలబడ్డారు. ఆటగాళ్ల వెన్నెముక ఆ రోజు యూనియన్‌కి లేదు.

కానీ రగ్బీ మొత్తం డబ్బున్నోళ్లదే అంటే లిమరిక్ జనానికి కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమే. మన్‌స్టర్ రాష్ట్రంలోని లిమరిక్ పట్నంలో రేవు కూలీ, డాక్టరు ఒకే క్లబ్బులో భుజం కలిపి ఆడతారు. పేటకో క్లబ్బు: యంగ్ మన్‌స్టర్, షానన్, గ్యారీఓవెన్. 1978 అక్టోబర్ 31న న్యూజిలాండ్ ఆల్ బ్లాక్స్ వాళ్ల ఊరికి వస్తే 12-0తో ఓడించి పంపారు. జాతీయ జట్టు న్యూజిలాండ్‌ని ఓడించడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఆటలో కులీనం ఏమీ లేదన్నమాట. ఊళ్లోకి ఎవరి చేతి మీదుగా వచ్చింది, గ్రౌండు ఎవరికి దగ్గరగా ఉంది అన్నదే తేడా.

ఇప్పుడు గాలివాటం విషయానికి వద్దాం. 1990ల్లో ఐర్లాండ్ రగ్బీ జట్టు పరిస్థితి దయనీయం. 1998లో ఐదు దేశాల పోటీలో ఆడిన నాలుగూ ఓడిపోయారు. 1999 ప్రపంచ కప్‌లో అర్జెంటీనా చేతిలో ఓడి ఇంటికొచ్చారు. అప్పుడు ఈ జెర్సీలు ఇన్ని కనపడలేదు. ఆటగాళ్లకి జీతాలు, దేశంలోకి డబ్బు వస్తున్న ఆ కాలంలోనే రాష్ట్ర జట్లు యూరప్ కప్పులు తేవడం మొదలెట్టాయి. 2006లో, 2008లో మన్‌స్టర్ గెలిచింది. 2009లో లీన్‌స్టర్, మన్‌స్టర్ సెమీఫైనల్‌కి క్రోక్ పార్క్‌లో 82 వేల మంది కూర్చున్నారు. అదే ఏడాది 61 ఏళ్ల తర్వాత ఐర్లాండ్ గ్రాండ్ స్లామ్ కొట్టింది. మళ్లీ 2018లో, 2023లో. 2023 ప్రపంచ కప్‌కి పారిస్ స్టేడియం పచ్చ రంగుతో నిండిపోయింది.

పాత అభిమానులు, మిగతా ఆటల వాళ్లు ఏమంటారంటే: వీళ్లు ఆట చూడ్డానికి రారు, బీరు తాగడానికి, ఫోటో దిగడానికి వస్తారు, ఆట మధ్యలో పది సార్లు లేస్తారు, రూల్స్ తెలీవు, ఓడితే మాయమైపోతారు. ఇందులో నిజం లేదని నేననను.

కానీ ఈ మాట అనేవాళ్ల వైపు కూడా చూడండి. ఫుట్‌బాల్ జనం రగ్బీ వాళ్లని గాలివాటం అంటారు. 1990 ప్రపంచ కప్‌లో జాక్ చార్ల్‌టన్ టీమ్ క్వార్టర్ ఫైనల్ దాకా పోయినప్పుడు దేశం మొత్తం రోడ్ల మీదకి వచ్చింది. వాళ్లందరూ అంతకు ముందు ఫుట్‌బాల్ చూసినోళ్లేనా? ఇప్పటికీ లివర్‌పూల్, మాంచెస్టర్ మ్యాచ్‌లకి విమానం ఎక్కి పోయే ఐరిష్ వాళ్లు ఎంతోమంది. పక్క వీధిలో లీగ్ ఆఫ్ ఐర్లాండ్ క్లబ్బు ఏళ్ల తరబడి ఖాళీ మెట్ల ముందు ఆడింది. ఈ మధ్యే అక్కడ జనం పెరుగుతున్నారు. వాళ్లని కూడా "ఇప్పుడొచ్చారా" అంటే ఆ క్లబ్బులు బతుకుతాయా? ఎవరి కళ్లకి వాళ్లు పాత కాపులు, పక్కోడు గాలివాటం. అంతే.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. "అసలైన అభిమాని" అనే పరీక్ష పెట్టినప్పుడల్లా అది చివరికి పుట్టుక పరీక్షే అవుతుంది. పాత అభిమాని అంటే ఎవరు? తాత క్లబ్ మెంబరు, నాన్న ఆ బడిలో చదివాడు, టికెట్లు క్లబ్బుల ద్వారా ఇంటికే వస్తాయి. డబ్లిన్ శివారులో బస్సు డ్రైవర్ కూతురికి ఆ దారి ఎక్కడుంది? ఆ అమ్మాయికి రగ్బీ పరిచయం అయ్యేది టీవీలోనే, అదీ టీమ్ గెలుస్తున్నప్పుడే. గెలుపు గాలి ఆమెకి దొరికిన ఒకే ఒక్క తలుపు. ఆ తలుపు దగ్గర నిలబడి "లేటుగా వచ్చావ్" అనడం అన్యాయం.

అయితే రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. స్టేడియం నిండగానే రగ్బీ పెద్దలు "చూశారా, ఇది ఇప్పుడు అందరి ఆట" అంటారు. అరిచేవాళ్లు అందరూ అయ్యారు, నిజమే. ఆడేవాళ్లు అందరూ అయ్యారా? వెక్స్‌ఫర్డ్ రైతు కుటుంబం నుంచి వచ్చిన టైగ్ ఫర్లాంగ్, కార్లో జిల్లా పొలాల నుంచి వచ్చిన షాన్ ఓబ్రయన్ ఉన్నారు. ఇద్దరూ గొప్ప ఆటగాళ్లు. కానీ వాళ్ల కథ ప్రతిసారీ "చూడండి, ఫీజు బడి నుంచి కాకపోయినా వచ్చాడు" అని ప్రత్యేకంగా చెప్తున్నారంటేనే అది మామూలు దారి కాదని అర్థం.

పైగా గాలి అందరి వైపూ వీయదు. పడమటి వైపు ఉన్న కొనాట్ రాష్ట్రం పేదది. 2003లో యూనియన్ ఖర్చు తగ్గించుకోవాలని ఆ జట్టునే మూసేద్దామనుకుంది. అభిమానులు డబ్లిన్ దాకా వచ్చి ఊరేగింపు తీశారు, జట్టు బతికింది. 2016లో అదే కొనాట్ లీగ్ కప్ గెలిచింది. ఐర్లాండ్ ఆడవాళ్ల జట్టు 2013లో గ్రాండ్ స్లామ్ కొట్టింది, 2014 ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్‌ని ఓడించింది. మగవాళ్ల కంటే ముందే! మరి వాళ్లకేం దక్కింది? 2021 డిసెంబర్‌లో 62 మంది పాత, కొత్త ఆటగాళ్లు మాకు యూనియన్ మీద నమ్మకం పోయిందని ప్రభుత్వానికి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. గెలుపు ఒక్కటే సరిపోదు మిత్రులారా. ఎవరి గెలుపు అన్నది కూడా చూస్తారు.

మనకి ఇందులో ఏముంది అంటారా? రగ్బీ మన ఆదివాసీ పిల్లలకి అంత దూరపు ఆటేం కాదు. 2007లో భువనేశ్వర్ కిస్ బడిలో చదివే ఆదివాసీ పిల్లలు లండన్ వెళ్లి అండర్-14 అంతర్జాతీయ రగ్బీ టోర్నీ గెలిచొచ్చారు. పక్కనున్న ఒడిశా పిల్లలు, మన కొండలకి అవతలి వైపు వాళ్లు. తర్వాత వాళ్ల మీద సినిమా కూడా వచ్చింది. బంతి చేతికిచ్చి, గ్రౌండు చూపించి, నేర్పే మనిషి ఒకరుంటే ఏమవుతుందో అక్కడే తేలిపోయింది. 2014లో మన మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కినప్పుడు రాష్ట్రమంతా "మా అమ్మాయి" అంది. అననివ్వండి, మంచిదే. ఆ అనడం వల్ల ఇంకో పది మంది పూర్ణలకి తాడు, బూట్లు, శిక్షణ వచ్చాయా అని అడిగే హక్కు మాత్రం మనం వదులుకోకూడదు.

కాబట్టి మన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పేది ఇది. ఎవరైనా కొత్తగా వచ్చి మన పక్కన నిలబడి చప్పట్లు కొడితే తరమకండి, పక్కన కూర్చోబెట్టుకుని ఆట నేర్పండి. మీరే కొత్తగా ఒక ఆటని ఇష్టపడితే సిగ్గుపడకండి, రూల్స్ తర్వాత వస్తాయి. కానీ ఎవరైనా స్టేడియం నిండింది చూపించి "ఇది అందరి ఆట" అంటే రెండు ప్రశ్నలు అడగండి. ఆడే పిల్లలు ఏ బడి నుంచి వస్తున్నారు? ఓడిపోయిన ఏడాది డబ్బు ముందు ఎవరికి ఆపేస్తారు? ఈ రెండింటికీ జవాబు వస్తే ఆ ఆట ఎవరిదో తేలిపోతుంది, డబ్లిన్‌లో అయినా, మన ఐటీడీఏ హాస్టల్ గ్రౌండులో అయినా.

మీ హాస్టల్లో గ్రౌండు ఉందా, దాంట్లో ఏ ఆట ఆడతారు, నేర్పేవాళ్లు ఉన్నారా? కింద రాయండి, అన్నీ ఒకచోట చేర్చి పెద్దల ముందు పెడదాం.

జై ఆదివాసీ.