దోనాలీయా, పంపా? ముందు హలాలా అని అడగండి

"దోనాలీ బందూక్ మంచిదా, పంప్ యాక్షన్ మంచిదా?" షికార్ మాట వస్తే మన దావత్‌లలో ఇదే బహస్. చాచాలు దోనాలీ వైపు, కుర్రాళ్లు పంప్ వైపు. నా జవాబ్ సాఫ్‌గా చెబుతున్నా: షికార్ కోసమైతే రెండూ వద్దు.

బందూక్‌గా చూస్తే చాచాల మాటలోనే దమ్ముంది. దోనాలీలో రెండే తూటాలు. మధ్యకు విరిస్తే గొట్టాలు ఖాళీయో కాదో ఎవరికైనా కనిపిస్తుంది. పంప్‌లో గొట్టం కింద ఇంకో గొట్టం, అందులో నాలుగైదు తూటాలు. లోపల ఒకటి మిగిలిపోయినా పైకి తెలియదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఈ ఫరఖ్ చిన్నది కాదు. కానీ రెండింట్లోంచీ వచ్చేది అవే సీసపు ఛర్రాలు.

అసలు మసలా ఇక్కడే ఉంది. సూరహ్ మాయిదా మూడో ఆయత్ దెబ్బ తగిలి చచ్చిన జంతువును హరామ్‌లో చేర్చింది. అదీ బిన్ హాతిం రజియల్లాహు అన్హు అడిగినప్పుడు హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిందీ ఇదే: పదును దిగి చస్తే తినొచ్చు, మొద్దు దెబ్బకు చస్తే తినకూడదు. ఛర్రా కోయదు, గుద్ది చీలుస్తుంది. అందుకే మన దేశపు హనఫీ ఉలమాలో ఎక్కువమంది ఫత్వా ఒకటే: బిస్మిల్లా అని పేల్చినా, ప్రాణం ఉండగా జబహ్ చేయకపోతే ఆ గోష్త్ హలాల్ కాదు. వరసగా ఐదు తూటాలు పేల్చేవాడు ఏ పిట్ట దగ్గరికి ఛురీ పట్టుకుని పరిగెత్తుతాడు?

ఇక కానూన్. బందూక్ లైసెన్స్ ఉంటే షికార్‌కు ఇజాజత్ ఉన్నట్టు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ షికార్‌ను మనా చేసింది. పంట పాడుచేసే జంతువును కొట్టడానికి 11వ సెక్షన్ కింద అధికారులు ఇజాజత్ ఇవ్వొచ్చు. మన పొలాల్లో పడేది అడవిపంది. అది మన దస్తర్‌ఖాన్ మీదికి వచ్చేదేనా?

"షికార్ ఖాందానీ షౌఖ్" అంటారు కొందరు. 1936లో ఇంగ్లండ్‌లో భారత క్రికెట్ జట్టుకు కప్తాన్‌గా ఉన్న విజయనగరం రాకుమారుడు విజ్జీ, మూడొందలకు పైగా పులులను కొట్టానని చెప్పుకున్నాడు. ఆ షౌఖ్ రాజులది. దాన్ని మన విరాసత్ అనుకోవడం ఎందుకు?

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లి చూడండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. ఆ పిట్టలొస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం, ఒక్కదాన్నీ కొట్టనివ్వరు. నాహక్‌గా చంపిన పిచ్చుక కూడా ఖియామత్ రోజు అల్లాహ్ ముందు ఫిర్యాద్ చేస్తుందన్న హదీస్ మనది. దాని మీద అమల్ చేస్తున్నది ఆ ఊళ్లవాళ్లు. మనకు షరమ్ ఉండాలి.

లైసెన్స్ ఉన్న బందూక్ ఇంట్లో ఉంటే ఖాళీ చేసి తాళం వేయండి. పంప్ కోసం దాచిన పైసల్లో కొంత తీసి పిల్లలను తేలినీలాపురం తీసుకెళ్లండి. రెండు గొట్టాలది ఏదో ఒకటి చేతిలో ఉండాల్సిందే అంటారా, దూర్‌బీన్ కొనండి.